మంచు మీది నల్లని మన్ను

మంచు అనగానే మన మనస్సునకు తోచునది తెలుపు. వెండికొండ అన్నాము, ధవళగిరి అన్నాము. హిమవంతుని తలచుకొన్నప్పుడెల్ల ఆ తెలుపునే తలచుకొన్నాము. అయితే వేసవి నడుమ హిమానీనదముపై కాలు పెట్టి నడచినవారు చెప్పెడి మాట వేరు. వారికి కనబడునది తెలుపు కాదు. కొంత బూడిదరంగు, కొంత గోధుమరంగు, కొంత ఊదారంగు, అక్కడక్కడ కాటుక వంటి నలుపు. ఆ నలుపును చేతిలోనికి తీసికొన్నచో మెత్తని మన్నువలె ఉండును. మనుష్యుడు లేని చోట, చెట్టు లేని చోట, మంచు తప్ప మరేమియు లేని చోట ఈ మన్ను ఎక్కడినుండి వచ్చినది? ఇది వట్టి మన్నేనా, లేక ప్రాణమున్న పదార్థమా? ఈ ప్రశ్నను గట్టిగా అడిగి, దానికి ఒక పేరు కూడ పెట్టినవాడు పందొమ్మిదవ శతాబ్దిలో ఒక ఖనిజశాస్త్రవేత్త. అతని జీవితమును, అతడు విడిచిపోయిన ప్రశ్న తరువాతి వారి చేతులలో మారిన తీరును శ్రోతలకు చెప్పుట మా ఉద్దేశము.

ముందుగా ఒక మాట. హిమానీనదము అనగా నీటి ఏరు కాదు. పర్వతములపైనను, ధ్రువప్రాంతములలోను ఏటేట కురిసిన మంచు కరుగక పేరుకొని, తన బరువునకు తానే గట్టిపడి గడ్డయై, మెల్లమెల్లగా పల్లమునకు సాగుచుండును. అదియే హిమానీనదము. గ్రీన్లండు ద్వీపమునందు ఇట్టి మంచు దేశమంతటిని కప్పివేసినది. అంచులందు మాత్రమే నేల కనబడును. మన కథ అచ్చటనే మొదలగుచున్నది.

మంచుపై రంగులు కనబడుట అప్పటికే కొందరు గమనించిన సంగతి. 1818లో జాన్ రాస్ అను బ్రిటిషు నావికుడు గ్రీన్లండు వాయవ్య తీరమున పోవుచు కొండచరియల మీది మంచు ఎఱ్ఱగా ఉండుట చూచినాడు. ఆ ఎఱ్ఱమంచును కరగించి సీసాలలో పట్టి లండనుకు తెచ్చినారు. ఆకాశమునుండి రాలిన ఇనుప రజను కాబోలునని కొందరు ఊహించినారు. రాబర్ట్ బ్రౌన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినితో పరీక్షించి, అది నాచుజాతికి చెందిన మొక్క కావచ్చునని అభిప్రాయపడినాడు. కాలక్రమమున ఆ అభిప్రాయమే నిలిచినది. ఆకాశమా, ప్రాణమా అను ఈ వివాదము మన కథలో మరల మరల వచ్చును గనుక దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

అడాల్ఫ్ ఎరిక్ నోర్డెన్‌షెల్డ్ 1832లో హెల్సింకి నగరమున జన్మించినాడు. అప్పుడు ఫిన్లండు రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉన్నది. తండ్రి కూడ ఖనిజశాస్త్రవేత్తయే. కుమారుడు తండ్రి వెంట గనులు తిరిగి, రాళ్ళు ఏరి, వాటిని కాచి కరగించి, వాటిలో ఏమున్నదో చెప్పుట చిన్ననాడే నేర్చుకొన్నాడు. చదువు ముగించునాటికి దేశములో గౌరవప్రదమైన ఉద్యోగము పొందదగిన యోగ్యత అతనికి కలిగినది. కాని అతడు నోరు కట్టుకొనెడివాడు కాడు. 1857లో విశ్వవిద్యాలయపు వేడుక సందర్భమున అతడు చేసిన ప్రసంగము రష్యా అధికారులకు ఆగ్రహము కలిగించినది. ఇక స్వదేశమున నిలుచుట సాధ్యము కాక స్వీడనుకు వలసపోయినాడు. అచ్చట 1858లో స్టాక్‌హోము నగరపు జాతీయ ప్రదర్శనశాలలో ఖనిజవిభాగము అతనికి అప్పగించినారు. అదే సంవత్సరము ఒట్టో టోరెల్ అను పండితుని వెంట స్పిట్స్‌బర్గెన్ దీవులకు పోయి, మొదటిసారి ధ్రువప్రాంతపు మంచును చూచినాడు. ఆ చూపు అతనిని మరల విడువలేదు.

ఒకప్పుడు ఉత్తర ఐరోపా అంతయు మంచుగడ్డ క్రింద ఉండెడిదని ఆ టోరెల్ పండితుడు వాదించుచుండెడివాడు. ఆనాటికి అది క్రొత్త సిద్ధాంతము. స్వీడను దేశపు పొలములు, అడవులు ఉన్న చోట ఒకప్పుడు గ్రీన్లండు వంటి మంచు ఉన్నచో, ఆ మంచు ఏమైపోయినది? దేనిచేత కరిగినది? రాళ్ళను చదువవలసిన నోర్డెన్‌షెల్డు మంచు మీది మన్నును అంత శ్రద్ధగా చూచుటకు మూలము ఈ ప్రశ్నయే అని మేము తలచుచున్నాము.

1870లో అతడు గ్రీన్లండుకు పోయినది మరియొక పనిమీద. ముందు ముందు చేయదలచిన ధ్రువయాత్రకు బండ్లు లాగు కుక్కలు పనికివచ్చునా లేదా తెలిసికొనుటకు పోయినాడు. కాని దేశము లోపలనున్న మంచు ఎడారిని చూడవలెనను కోరిక అతనిని నిలువనీయలేదు. ఆ జూలై నెలలో స్వెన్ బెర్గ్రెన్ అను వృక్షశాస్త్రజ్ఞుడును, ఇద్దరు గ్రీన్లండు వాసులును తోడురాగా పశ్చిమ తీరమున ఔలైత్సివిక్ అను సముద్రపు పాయ వద్దనుండి మంచుపైకి ఎక్కినాడు. కొంతదూరము పోయిన పిమ్మట ఆ ఇద్దరు మనుష్యులు ఇక రామని వెనుకకు మరలినారు. ఈ ఇద్దరు పండితులు మాత్రము ముందుకు నడచి, తీరమునుండి దాదాపు 50 కిలోమీటర్లు లోపలికి చేరినారు.

నడక సుఖముగా సాగలేదు. మంచు మీద అడుగడుగునకు గుంటలు. ఎవరో బరమా పెట్టి తొలిచినట్లు గుండ్రముగా నిట్టనిలువుగా దిగిన గుంటలు. కొన్ని వ్రేలు పట్టునంత సన్ననివి, కొన్ని రెండడుగుల వెడల్పు కలవి. లోతు ఒకటి రెండు అడుగులు. అవి ఎంత దగ్గరదగ్గరగా ఉన్నవనగా నడుమ కాలు మోపుటకే చోటు వెదకవలసి వచ్చినది. ఇక రాత్రి పడుకొను సంచి పరచుకొనుట సంగతి చెప్పనక్కరలేదు. ప్రతి గుంటలోను నీరు. నీటి అడుగున బూడిదరంగు కలిసిన నల్లని మన్ను, కొన్ని మిల్లీమీటర్ల మందమున పరచుకొని ఉన్నది.

ఈ గుంటలు ఎట్లేర్పడినవో గ్రహించుట కష్టము కాదు. మండుటెండలో తెల్లని పంచెకట్టు కంటె నల్లని గొడుగు ఎక్కువ కాగునని మనము ఎరుగుదుము. తెల్లని మంచు తనపై పడిన వెలుగులో పెద్దభాగమును వెనుకకు త్రిప్పికొట్టును. నల్లని మన్ను ఆ వెలుగును మ్రింగి వేడెక్కును. ఆ వేడికి క్రిందనున్న మంచు కరుగును. మన్ను కొంచెము దిగును. దిగిన చోట మరల కరగించును. ఇట్లు దినదినము దిగుచు తన గోతిని తానే త్రవ్వుకొనును. కొంత లోతునకు పోయిన పిమ్మట సూర్యకిరణము అడుగునకు అంతగా చేరదు గనుక ఆ త్రవ్వకము నెమ్మదించును.

నోర్డెన్‌షెల్డు ఆ మన్నునకు క్రయోకొనైటు అని పేరు పెట్టినాడు. గ్రీకు భాషలో క్రియోస్ అనగా గడ్డకట్టు చలి, కోనిస్ అనగా ధూళి. చలిధూళి అని మనము అనువదించుకొనవచ్చును. ఖనిజశాస్త్రవేత్త పెట్టిన పేరు గనుక అది ఖనిజము పేరువలెనే ధ్వనించును. కాని అతని వెంటనున్న బెర్గ్రెన్ ఖనిజశాస్త్రవేత్త కాడు. అతడు ఆ మన్నును, చుట్టునున్న మంచును సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచినాడు. అందులో పేరుపేరున జీవులు కనబడినవి. ముఖ్యముగా ఒక నాచు. చిన్నచిన్న కణములు పూసలదండవలె ఒకదానికొకటి అతుకుకొని ఉన్నవి. రంగు ఆకుపచ్చ కాదు, ఊదా కలిసిన గోధుమ. మంచు మొత్తముపై వ్యాపించిన మబ్బుచాయ ఈ నాచుదే. బెర్గ్రెన్ దానికి తన సహచరుని పేరు కలిపి ఆంకిలోనేమా నోర్డెన్‌షెల్డీ అని నామకరణము చేసినాడు. తరువాతి వారు మరియొక మంచునాచునకు బెర్గ్రెన్ పేరు పెట్టినారు. ఆ ఇద్దరు బాటసారుల పేర్లు ఈనాటికిని మంచు మీద కలిసి ఉన్నవి.

ఇక ఆ మన్ను ఎక్కడిదను ప్రశ్న మిగిలినది. ఇక్కడ నోర్డెన్‌షెల్డు చూపు ఆకాశమునకు పోయినది. మన్నులో అయస్కాంతమునకు అంటుకొను ఇనుప రేణువులు కనబడినవి. ఆ సంవత్సరమే డిస్కో దీవి ఒడ్డున, ఓవిఫాక్ అను చోట, పెద్దపెద్ద ఇనుపదిమ్మెలు అతని కంటబడినవి. అన్నిటికంటె పెద్దది ఇరువది టన్నులకు పైబడినది. అవి ఆకాశమునుండి పడిన ఉల్కలని అతడు విశ్వసించినాడు. ఇంత ఇనుము ఆకసమునుండి పడగా, మంచు మీది ఇనుపరజను కూడ ఆకసమునుండి రాలరాదా? అతడు ఆ పిమ్మట అనేక సంవత్సరములు మంచును కరగించి వడగట్టి, నక్షత్రధూళి కొరకు వెదకుచునే ఉన్నాడు. అయితే ఓవిఫాక్ ఇనుము భూమిలోనిదేయని, నల్లరాతితోపాటు కరగి పైకివచ్చినదని తరువాతి పరిశోధకులు నిరూపించినారు. చలిధూళిలో కూడ ఆకసపు రేణువులు కొద్దిగా ఉన్నమాట నిజమే గాని, అధికభాగము గాలికి కొట్టుకొనివచ్చిన నేలమన్ను. తక్కినది ప్రాణము, ప్రాణము విడిచిన మడ్డి.

అతని రెండవ ఊహ మరింత సాహసమైనది. ఈ నల్లని మన్నును, ఈ నాచును మంచునకు పరమశత్రువులని అతడు భావించినాడు. ఒకప్పుడు ఐరోపాను, అమెరికాను కప్పిన మంచు కరిగి, ఆ చోట నేడు అడవులును పైరులును పెరుగుటకు ఈ అల్పజీవియే కారణము కావచ్చునని వ్రాసినాడు. కంటికి కనబడని నాచు ఒక ఖండపు మంచును కరగించుట! సమకాలికులకు ఇది చమత్కారముగా మాత్రమే తోచియుండవచ్చును.

తరువాతి జీవితమున అతనికి కీర్తి వచ్చినది వేరొక కార్యమువలన. 1878లో వేగా అను ఓడలో బయలుదేరి, సైబీరియా ఉత్తర తీరము వెంబడి పోయి, పది నెలలు మంచులో చిక్కుకొని, 1879 జూలైలో బేరింగు జలసంధి దాటినాడు. ఐరోపా నుండి ఆసియాకు ఈశాన్య మార్గమున తొలిసారి ప్రయాణము పూర్తి చేసిన ఘనత అతనిది. 1880లో స్టాక్‌హోము చేరినప్పుడు నగరమంతయు దీపములతో స్వాగతము చెప్పినది. అంతటి కీర్తి వచ్చిన పిమ్మట కూడ 1883లో అతడు మరల గ్రీన్లండు మంచుపైకే పోయినాడు. దేశము నడుమ మంచు లేని పచ్చని నేల ఉండవచ్చునని అతని ఆశ. తాను పోలేనంత దూరమునకు ఇద్దరు సామీజాతి వారిని, పాదములకు జారుబద్దలు కట్టుకొని పోవు నేర్పరులను, పంపినాడు. వారు మరలివచ్చి లోపల ఉన్నదంతయు మంచేయని చెప్పినారు. పచ్చని నేల లేదు. కాని చలిధూళి మాత్రము ఆ యాత్రలో కూడ అడుగడుగున కనబడినది. 1901లో నోర్డెన్‌షెల్డు మరణించునాటికి ఆ ధూళి ప్రశ్న సగము విప్పిన మూటవలెనే మిగిలినది.

ఆ మూటను తరువాత చేతబట్టినవారిలో హంగరీ దేశపు విదుషీమణి ఎర్జెబెత్ కోల్ ముఖ్యురాలు. 1897లో జన్మించి 1980లో మరణించిన ఈమె తన ఆయుర్దాయములో అధికభాగము మంచుపై మొలచు నాచుల కొరకే వెచ్చించినది. తాత్రా పర్వతములనుండి అలాస్కా వరకు పోయి, ఏ మంచుపై ఏ నాచు పెరుగునో వరుసగా వ్రాసిపెట్టినది. అలాస్కా నాచులను గూర్చిన ఆమె గ్రంథమును 1942లో అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ ప్రకటించినది. 1968లో, డెబ్బది ఏండ్లు దాటిన వయస్సున, మంచులోని వృక్షజాలమును గూర్చి సమగ్రమైన గ్రంథము వెలువరించినది. నోర్డెన్‌షెల్డునకు మంచు ఒక ఎడారి. ఆ ఎడారిలో ఒక వింతమొక్క. కోల్ దృష్టిలో మంచు ఒక క్షేత్రము. అడవికి, చెరువునకు ఉన్నట్లే మంచునకు కూడ తనదైన జీవకుటుంబము కలదని ఆమె స్థిరపరచినది.

హిమాలయముల వంతు తరువాత వచ్చినది. నేపాలు దేశమున లాంగ్‌టాంగ్ లోయలో యాలా అను హిమానీనదము కలదు. జపాను శాస్త్రజ్ఞుడు షిరో కోషిమా అచ్చట మంచుమీదనే పుట్టి, మంచుమీదనే తిని, మంచుమీదనే గ్రుడ్లుపెట్టు ఒక రెక్కలు చాలని పురుగును కనుగొని 1984లో ప్రకటించినాడు. పురుగు బ్రతుకవలెనన్న దానికి మేత కావలెను గదా. ఆ మేత మంచు మీది నాచును, సూక్ష్మజీవులును. ఆయనయు, సహచరులును ఆ హిమానీనదముపై ఒక సులభమైన పరీక్ష చేసినారు. ఒకచోట నల్లని మడ్డిని ఉన్నదున్నట్లు ఉంచి, వేరొకచోట దానిని తొలగించి, రెండుచోట్ల మంచు ఎంత కరుగునో కొలిచినారు. మడ్డి ఉన్నచోట కరుగుదల దాదాపు మూడు రెట్లు. 1993లో ఈ ఫలితము వెలువడినది. అంతవరకు ఊహగా ఉన్న నోర్డెన్‌షెల్డు మాటకు హిమాలయము తొలి అంకె ఇచ్చినది.

ఇక్కడ శ్రోతలకు ఒక సందేహము రావచ్చును. ఐసు దిమ్మ కరగకుండుటకు మన బజారులలో దానిపై ఊక కప్పెదరు గదా, మరి మన్ను మంచును కరగించుట యెట్లు? రెండును నిజమే. ఊక దళసరిగా కప్పినప్పుడు బయటి వేడిని లోపలికి పోనీయదు. హిమానీనదముపై కూడ రాళ్ళును మట్టియు జానెడు మందమున పడినచో క్రింది మంచు కాపాడబడును. కాని పొర పలుచనిదైనచో వెలుగును మ్రింగుట ఎక్కువ, వేడిని ఆపుట తక్కువ. చలిధూళి పలుచని పొర గనుక కరగించును.

అంతేకాదు. ఈ ధూళి ఊరక పడియుండునది కాదు. నోజోము తాకేఉచి అను మరియొక జపాను శాస్త్రజ్ఞుడు ఆ మన్ను కణికలను కోసి చూచినాడు. ఒక్కొక్క కణిక ఆవగింజంత ఉండును. దారములవంటి నీలిఆకుపచ్చ నాచు మన్ను రేణువులను చుట్టచుట్టి ముద్దగా కట్టివేయును. లోపల చచ్చిన నాచును, దానిని తిను బాక్టీరియాయు. ప్రాణము లేనిచో ఆ ధూళిని కరిగిన నీరు ఎప్పుడో కొట్టుకొనిపోవును. ప్రాణమే దానిని పట్టి నిలుపుచున్నది. ప్రాణమే దానిని నల్లబరచుచున్నది.

ఇరువది ఒకటవ శతాబ్దిలో ప్రశ్న రూపము మారినది. జీవి ఉన్నది సరే. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసికొనుచున్నదా, లేక గాలిలోనికి విడుచుచున్నదా? నాచు ఎండలో ఆ వాయువును గ్రహించి దానిలోని కర్బనముతో తన శరీరమును కట్టుకొనును. బాక్టీరియా ఆ శరీరమును తిని, ఊపిరిగా వాయువును మరల విడుచును. ఒకటి ఆదాయము, ఒకటి వ్యయము. ఈ లెక్క తేల్చుటకు శాస్త్రజ్ఞులు అవలంబించిన పద్ధతులలో ఒకటి చాల సాదాయైనది. గుంటలోని మన్నును, నీటిని రెండు సీసాలలో పోసి మూత బిగింతురు. ఒకదానిని వెలుగులో ఉంతురు. రెండవదానికి నల్లని గుడ్డ చుట్టుదురు. మరల ఆ గుంటలోనే దింపుదురు. చీకటి సీసాలో వ్యయము మాత్రమే జరుగును. వెలుగు సీసాలో రెండును జరుగును. రెంటి భేదమే ఆదాయము.

స్పిట్స్‌బర్గెన్‌లో, ఒకప్పుడు నోర్డెన్‌షెల్డు తిరిగిన ఆ దీవులలోనే, ఒక హిమానీనదము మొత్తము ఎంత ఊపిరి విడుచునో కొలిచి ఆంగ్ల శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించినారు. 2009లో అలెగ్జాండర్ అనెసియో అను శాస్త్రజ్ఞుడును, సహచరులును ధ్రువప్రాంతములలోను, ఆల్ప్స్ పర్వతములలోను కొలతలు తీసి, ప్రపంచపు హిమానీనదముల గుంటలన్నిటికి ఒక అంచనా కట్టినారు. ఆ లెక్క ప్రకారము అవి సంవత్సరమునకు గ్రహించు కర్బనము 98 వేల టన్నులు, ఊపిరిగా విడుచునది 34 వేల టన్నులు, నిలువ 64 వేల టన్నులు. తరువాతి పరిశీలనలలో ఒక సూక్ష్మము తెలియవచ్చినది. మన్ను పలుచగా పరచుకొన్నచోట ప్రతి కణికకు ఎండ తగులును గనుక ఆదాయమే ఎక్కువ. కొన్ని మిల్లీమీటర్లకు మించి దళసరియైనచోట అడుగు కణికలకు వెలుగు లేదు. అచ్చట తినుట తప్ప సంపాదన లేదు గనుక వ్యయము ఎక్కువ. కూర్చొని తినువారు పెరిగిన ఇంటి సంగతియే అది.

ఈ అంకెలను చూచి మనము భ్రమపడరాదు. నేడు మానవజాతి బొగ్గును, చమురును కాల్చి ఏటేట గాలిలో కలుపు కర్బనము సుమారు వెయ్యి కోట్ల టన్నులు. దాని ముందు 64 వేల టన్నులు సముద్రములో కాకిరెట్ట. హిమానీనదముల మన్ను లోకమును రక్షింపదు. అయితే ఆ కర్బనము మంచులోనే ఆగిపోవునది కాదు. లోకములోని మంచు మొత్తములో దాగియున్న జీవసంబంధమైన కర్బనము 600 కోట్ల టన్నులని 2015లో ఒక అంచనా వెలువడినది. అందులో అధికభాగము అంటార్కిటికాలోనే ఉన్నది. మంచు కరిగినకొలది అది ఏరులలోనికి, సముద్రములోనికి చేరును. అలాస్కాలో 11 నదీపరీవాహములను పరీక్షించి 2009లో ప్రకటించిన ఒక పరిశోధనలో వింత విషయము బయటపడినది. హిమానీనదములనుండి అధికముగా నీరు వచ్చు ఏటిలో కరిగియున్న కర్బనము వయస్సు దాదాపు 4 వేల ఏండ్లు. అయినను అందులో మూడింట రెండుపాళ్ళు సూక్ష్మజీవులు ఇట్టే తినగలిగినవి. సాధారణముగా పాతబడిన కర్బనము ఎవరికిని మింగుడుపడదు. ఇది పాతదై కూడ రుచించుచున్నది. కారణమేమి? మంచులోని జీవులు పాతదానిని తిని మార్చియుండవచ్చునని కొందరు అన్నారు. 2012లో మరికొందరు వేరొక జవాబు చెప్పినారు. మనము కాల్చు బొగ్గు, చమురు కోట్ల ఏండ్ల నాటివి. వాటి పొగ మంచుపై వాలి కలియుటచేత ఆ నీటి కర్బనమునకు ముదుసలితనము వచ్చినదని వారి వాదము. మనుష్యుడు లేనిచోట మన్ను ఎక్కడిదని మనము మొదట అడిగినాము; అచ్చటికి కూడ మనుష్యుని పొగ ముందే చేరియున్నది.

ఇక నోర్డెన్‌షెల్డు సాహసోక్తికి మరల వచ్చెదము. అతడు నడచిన గ్రీన్లండు పశ్చిమ భాగమున వేసవియందు విశాలమైన నల్లని పట్టీ ఒకటి ఏర్పడును. ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రములలో కూడ అది కనబడును. ఆ నలుపులో ముఖ్యపాత్ర అతని పేరు గల ఆ నాచుదే. దాని గోధుమరంగు మండుటెండనుండి తన ఆకుపచ్చను కాపాడుకొనుటకు కప్పుకొన్న గొడుగు. ఆ గొడుగు పట్టిన వెలుగు వేడియై చుట్టు మంచును కరగించి, దానికి కావలసిన నీటిని సమకూర్చును. 2017 వేసవిలో గ్రీన్లండు నైరుతి భాగమున పారిన కరుగునీటిలో 10 నుండి 13 శాతము వరకు ఈ నాచు పెరుగుదలవలననే అని 2020లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టినారు. మంచుయుగమును ఈ నాచు ఒక్కటే అంతము చేసినదను మాట నిలువదు. భూమి సూర్యుని చుట్టు తిరుగు తీరులోని మార్పులు, గాలిలోని బొగ్గుపులుసు వాయువు హెచ్చుట మొదలైనవి అందుకు ప్రధానకారణములని నేడు మనకు తెలియును. కాని ప్రాణి మంచును కరగించునను మూలభావము నిలిచినది. ఆకాశపు ఇనుము విషయమున పొరబడిన ఆ పండితుడు, అందరికి చమత్కారముగా తోచిన చోటనే సత్యమునకు దగ్గరగా ఉన్నాడు.

ఇందులో మనము భయపడవలసిన విషయము కూడ కలదు. గాలి వేడెక్కినకొలది మంచు ఎక్కువ దినములు తడిగా ఉండును. తడి ఎక్కువైనచో నాచు ఎక్కువ పెరుగును. నాచు పెరిగినచో మంచు నల్లబడును. నల్లబడినచో మరింత కరుగును. తాను నిలిచిన ఇంటిని తానే కరగించుకొను జీవి ఇది. దానికి తెలివి లేదు గనుక దానిని నిందింపరాదు.

మన గోదావరి, కృష్ణలు హిమానీనదముల బిడ్డలు కావు. అవి వానకు పుట్టిన నదులు. అయినను ఈ పరిశోధనతో తెలుగు దేశమునకు ఒక సంబంధము కలదు. హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర పరిశోధనాకేంద్రమున, సీసీఎంబీయని మనమెల్లరము పిలుచు సంస్థలో, ఎస్. శివాజి మొదలైన శాస్త్రజ్ఞులు అంటార్కిటికా నేలలోను, హిమాలయపు హిమానీనదములలోను బ్రతుకు బాక్టీరియాను చిరకాలము పరిశోధించినారు. నీరు గడ్డకట్టు చలిలో కణము పైపొర నేయి పేరినట్లు బిగిసిపోవలెను. ఈ జీవులు తమ క్రొవ్వుల అమరికను మార్చుకొని దానిని మెత్తగా నిలుపుకొనును. కుమావూన్ ప్రాంతపు పిండారీ హిమానీనదమున దొరకిన ఒక బాక్టీరియాకు 2008లో సంస్థ పేరునే జోడించి బాసిల్లస్ సీసెంబెన్సిస్ అని నామకరణము చేసినారు. మండువేసవి నగరమైన హైదరాబాదులోని సంస్థకు హిమాలయపు మంచులో ఒక పేరింటి జీవి కలదన్నమాట. ఆ 2008లోనే భారతదేశము స్పిట్స్‌బర్గెన్‌లో హిమాద్రి అను పరిశోధనాకేంద్రమును, 2016లో స్పితి లోయలో, 4 వేల మీటర్లకు పైని ఎత్తున, హిమాంశ్ అను కేంద్రమును నెలకొల్పినది.

నోర్డెన్‌షెల్డు ఆ మన్నును తీసికొన్నప్పుడు మంచు శాశ్వతమనియు, ప్రశ్న విప్పుటకు కావలసినంత కాలమున్నదనియు అందరు భావించెడివారు. నేడు పరిస్థితి తారుమారైనది. ప్రశ్న చాలవరకు విడినది, మంచు తరుగుచున్నది. ఆల్ప్స్‌లోను, హిమాలయములలోను చిన్న హిమానీనదములు మనము చూచుచుండగనే కుదించుకొనిపోవుచున్నవి. వాటితోపాటు పేరు కూడ పెట్టని జీవులెన్నో కొట్టుకొనిపోవుచున్నవి. వాటిని నల్లబరచుటలో నాచు పాలు కొంత, మన పొయ్యిలనుండియు, యంత్రములనుండియు లేచిన మసి పాలు కొంత. నాచు తన పాలు తగ్గించుకొనజాలదు. మన పాలు తగ్గించుకొనుట మన చేతిలోని పని.